పేరు అమ్ముడుపోవును, ప్రతిష్ఠ అమ్ముడుపోదు

వస్తువునకు పేరు పెట్టుట సులభము. ఆ పేరు వినినంతనే కొనువాని మనస్సునకు నమ్మకము కలుగునట్లు ఏండ్లతరబడి పని చేయుట కష్టము. మొదటిది ఒక్క దినములో జరుగును. రెండవదానికి రెండు మూడు తరములు పట్టును. పోగొట్టుకొనుటకు మాత్రము ఒక్క తరము చాలును. ఈ సత్యమునకు అమెరికా దేశపు ష్విన్ సైకిలు చరిత్రకంటె స్పష్టమైన దృష్టాంతము మాకు కనబడుట లేదు. ఒకప్పుడు ఆ దేశపు బాలురు కలలు గనిన బండి అది. నేడు లోకమంతట మౌంటెన్ బైకు అని పిలువబడు కొండదారుల సైకిలు మొట్టమొదట దాని చట్రముమీదనే రూపు దాల్చినది. ఆ పేరు నేటికిని బ్రతికియున్నది గాని, అది కొనువానికి స్ఫురింపజేయు భావము మారిపోయినది. ఈ మార్పు ఎట్లు సంభవించెనో విచారించుట సైకిళ్లయందు ఆసక్తి గలవారికే గాక, ఒక వస్తువును నమ్మి కొను ప్రతి గృహస్థునకును, ఒక పనిని నమ్మి జీవించు ప్రతి కార్మికునకును అవసరమని మా అభిప్రాయము.

జర్మనీలో జన్మించి, యంత్రపు పనిలో ఆరితేరి, అమెరికాకు వలసపోయిన ఇగ్నాజ్ ష్విన్ అను నాతడు, ఆడాల్ఫ్ ఆర్నాల్డ్ అను ధనవంతునితో కలిసి 1895 లో చికాగో నగరమున ఈ సంస్థను స్థాపించెను. ఆ కాలమున అమెరికాలో సైకిలు వ్యామోహము మిక్కుటముగా నుండెను. కొలది ఏండ్లలో ఆ వ్యామోహము చల్లారగా అనేక కర్మాగారములు మూతపడెను. ష్విన్ నిలిచినది. 1930 తరువాతి ఆర్థిక మాంద్యములో మరల కష్టకాలము వచ్చెను. అప్పుడు టోకు వర్తకులు ధర తగ్గింపుమని ఒత్తిడి చేయుచుండగా, ఇగ్నాజ్ కుమారుడగు ఫ్రాంక్ ష్విన్ వేరొక మార్గమును త్రొక్కెను. బండిని మరింత దృఢముగా జేసి, 1933 లో లావు టైర్ల సైకిలును బజారునకు తెచ్చెను. లోకమంతయు చౌకదనమును వెదకుచున్నప్పుడు ఆయన మన్నికను నమ్ముకొనెను. ఆ నమ్మకము ఫలించెను. అటుపిమ్మట చట్రమునకు జీవితకాలపు హామీ యిచ్చుటయు, 1938 నుండి పారమౌంట్ అను పేర పందెపు బండ్లను నిపుణులైన పనివారిచేత చేయించుటయు ఆ బుద్ధికి కొనసాగింపులే.

అమ్మకమునందును వారికి ఒక నియమ ముండెను. తాము అంగీకరించిన అంగళ్లవారు తప్ప అన్యులు తమ బండిని అమ్మరాదనిరి. ఆ అంగడివాడు బండిని సరిగా బిగించి యిచ్చువాడు, చెడిన బాగుచేయువాడు, కొనినవాని మొగము ఎరిగినవాడు. ఈ పద్ధతిపై వ్యాజ్యము నడచి 1967 లో అమెరికా సుప్రీంకోర్టు వరకు పోయెను. అందలి కొన్ని నిర్బంధములు చట్టవిరుద్ధములని న్యాయస్థానము తీర్పు చెప్పెను. చట్టపు మాట ఎట్లున్నను, కొనువాని మనస్సులో ష్విన్ అనగా గట్టి చట్రము, తెలిసిన అంగడి, మరమ్మతునకు ఒక మనిషి అను భావము పాతుకొనిపోయెను. 1963 లో ఆల్ ఫ్రిట్జ్ యోచనతో వెలువడిన స్టింగ్‌రే అను పిల్లల సైకిలు ఆ దేశపు వీధులను నింపివేసెను. ఈ కీర్తి కేవలము ప్రకటనలవలన వచ్చినది కాదు. ఇనుమును కాల్చి అతికిన చేతులవలనను, బండి చెడినపుడు తలుపు మూయని అంగడివలనను వచ్చినది.

ఇక ముఖ్యమైన ఘట్టమునకు వత్తము. కాలిఫోర్నియా రాష్ట్రమున, సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున కుత్తరమున, మరీన్ అను మండలము కలదు. అందు టమాల్‌పైస్ అను కొండ యున్నది. 1970 తరువాత అచ్చటి యువకులు కొందరు పాత సామానుల కొట్లలో మూలబడియున్న సైకిళ్లను వెదకి తెచ్చి, కొండపైనుండి మట్టిదారులలో దిగు క్రీడను ఆరంభించిరి. 1976 అక్టోబరులో ఆ ప్రాంతమున రీప్యాక్ అను పందెము మొదలయ్యెను. రెండు మైళ్లకు లోపుగానే యుండు ఆ దారి సుమారు 1300 అడుగులు దిగును. వెనుకకు త్రొక్కిన ఆగు పాతకాలపు బ్రేకులలోని కొవ్వు ఆ దిగుడులో కాగి పొగలై పోవుచుండెను. మరుసటి పరుగునకు ముందు దానిని మరల కూరవలసివచ్చెడిది గనుకనే ఆ పందెమునకు ఆ పేరు వచ్చెను. గారీ ఫిషర్, చార్లీ కెల్లీ, జో బ్రీజ్ మొదలగువారు అందు ప్రసిద్ధులు.

అట్టి దారిలో విరుగక నిలుచు చట్రము ఏది? ఆ యువకులు ఎక్కువగా కోరి వెదకినది 1930, 1940 దశకములనాటి ష్విన్ ఎక్సెల్సియర్ చట్రమునే. ఫ్రాంక్ ష్విన్ మాంద్యకాలమున పట్టుదలతో నిలిపిన మన్నిక నలువది యేండ్ల తరువాత ఒక కొండమీద సాక్ష్యము చెప్పెను. చేసినవారు ఊహింపనైన లేని పరీక్షలో ఆ బండి నెగ్గినది. ఇంతకంటె ఘనమైన యోగ్యతాపత్రము ఏ సంస్థకు కావలెను?

కాని చికాగోలోని యజమానులు ఆ పత్రమును చదువలేదు. పెరటి చెట్టు మందుకు రాదను సామెత వారి విషయమున అక్షరాల నిజమయ్యెను. 1978 లో క్లంకర్ 5 అను బండిని కొలదికాలము అమ్మిచూచి విడిచిపెట్టిరి. ఇంతలో జో బ్రీజ్ కొండకొరకే ప్రత్యేకముగా కొత్త చట్రములను చేసెను. 1979 లో ఫిషర్, కెల్లీలు టామ్ రిచీ చేసిన చట్రములతో వ్యాపారము పెట్టిరి. 1981 లో స్పెషలైజ్డ్ అను సంస్థ స్టంప్‌జంపర్ అను బండిని పెద్దయెత్తున బజారులో దింపెను. తమ పాత ఇనుముమీద పుట్టిన క్రీడ ఇతరుల సొమ్మగుచుండగా, ష్విన్ వారు దానిని నాలుగునాళ్ల ముచ్చటగా ఎంచిరి. పిల్లల బండ్ల నమూనాలనే సవరించి సరిపెట్టబోయిరి. ఇది యంత్రముల లోపము కాదు. బండి నెక్కువారు ఏమి చేయుచున్నారో చూచుటకు యజమాని గది విడిచి బయటికి రాకపోవుటయే లోపము.

ఇదే కాలమున మరియొక పొరపాటు జరిగెను. 1980 లో చికాగో కర్మాగారమునందలి సుమారు 1400 మంది కార్మికులు సమ్మె చేసిరి. పదమూడు వారములు పని నిలిచినది. యంత్రములు పాతబడియున్నవి, వానిని మార్చుటకు చాలినంత ధనము వెచ్చింపబడలేదు. యజమానులు కార్మికులతో దీర్ఘకాలపు పొత్తు కుదుర్చుకొనుటకు మారుగా వేరుదారి వెదకిరి. 1981 లో మిసిసిపి రాష్ట్రమున గ్రీన్‌విల్ అను ఊర కొత్త కర్మాగారము పెట్టిరి. అది 1991 లో మూతపడెను. చికాగోలోని పాత కర్మాగారము అంతకుముందే 1983 నాటికి మూయబడెను. తాతలనాటి నుండి అతుకు పని నేర్చిన ఆ చేతులు చెదరిపోయెను.

ఆ పని యెచ్చటికి పోయెను? తైవాన్ ద్వీపమున 1972 లో కింగ్ లియూ అను నాతడు స్థాపించిన జయంట్ సంస్థకు పోయెను. 1977 లోనే ష్విన్ వారు జయంటుతో ఒడంబడిక చేసికొనియుండిరి. సమ్మె తరువాత సాంకేతిక జ్ఞానమును, పనిని ధారాళముగా అచ్చటికి తరలించిరి. 1980 దశకము మధ్యకు వచ్చుసరికి ష్విన్ పేర అమ్ముడుపోవు బండ్లలో మూడింట రెండువంతులకు పైగా జయంటు చేసినవే. అప్పుడు యజమానులకు భయము పట్టెను. 1987 లో షెన్‌జెన్ నగరపు చైనా బైసికిల్ కంపెనీతో మరియొక పొత్తు కుదుర్చుకొనిరి. జయంటు వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తాము నేర్చిన పనికి తమ పేరే పెట్టి అమెరికాలోనే అమ్మజొచ్చిరి. ఆ అమ్మకమును నడపుటకు ష్విన్ సంస్థలో పూర్వము పెద్ద ఉద్యోగము చేసినవానినే నియమించుకొనిరి. నేడు జయంటు లోకములోని మిక్కిలి పెద్ద సైకిలు సంస్థలలో నొకటి.

ఇచ్చట మా మాటను పాఠకులు అపార్థము చేసికొనరాదు. బండి తైవానులో చేయబడెను గనుక నాసిరకమయ్యెనని మేము అనుట లేదు. జయంటు వారి పని శ్రేష్ఠమైనది. అనేక విషయములలో చికాగో పనిని మించినది. చికాగోలో చేసిన వర్సిటీ వంటి బండ్లు మన్నికైనవే గాని బరువైనవి. తేలిక బండ్లు వచ్చుచున్న కాలమున ఆ బరువే దోషముగా పరిణమించెను. కావున స్వదేశపు పని యంతయు బంగారము, పరదేశపు పని యంతయు ఇత్తడి అను వాదము నిలువదు. మేము చెప్పునది వేరు. పనిని ఇతరులచే చేయింపవచ్చును. పని నేర్చుకొనుటను ఇతరులకు వదలినవాని చేతిలో చివరకు మిగులునది ముద్ర మాత్రమే. ముద్ర చేతనున్నవాడు తానే యజమాని ననుకొనును. విద్య చేతనున్నవాడు ఒకనాడు తన ముద్రను తానే చేసికొనును.

1992 అక్టోబరులో ష్విన్ సంస్థ దివాలా పత్రము దాఖలు చేసెను. నాలుగు తరముల కుటుంబపు పాలన అంతమయ్యెను. 1993 లో ధనవ్యాపారులు దానిని కొని కొలరాడో రాష్ట్రమునందలి బౌల్డర్ నగరమునకు మార్చిరి. అప్పుడు మెచ్చదగిన పని యొకటి జరిగెనని ఒప్పుకొనవలెను. కొత్త యాజమాన్యము మౌంటెన్ బైకును నిజముగా ఎరిగినవారిని పనిలో పెట్టుకొనెను. కొండబండ్లకు పేరొందిన యెటి సంస్థను 1995 లో కొనెను. హోమ్‌గ్రోన్ అను పేర అల్యూమినియపు చట్రములతో మేలైన కొండబండ్లను చేయించెను. ఏ కొండదారుల యువకులు ష్విన్ అనిన నవ్వుచుండిరో వారే ఆ బండి నెక్కి పందెములకు పోయిరి. పోయిన ప్రతిష్ఠ తిరిగి రాదను నిరాశావాదమునకు ఇదియే సమాధానము. అది తిరిగి వచ్చినప్పుడు కూడ చేతిపనియను పాతదారినే వచ్చినది.

దురదృష్టవశమున ఆ దశ నిలువలేదు. 1997 లో సంస్థ మరియొకరి చేతికి మారెను. 1998 లో జి.టి. అను ఇంకొక ప్రసిద్ధ సంస్థను కొని తలకు మించిన భారము నెత్తికెత్తుకొనెను. 1999 లో యెటిని అమ్మివేసెను. 2001 లో రెండవమారు దివాలా తీసెను. అప్పుడు జరిగిన పంపకము చూడుడు! సైకిళ్లపై ష్విన్ పేరు పసిఫిక్ సైకిల్ అను సంస్థకు పోయెను. ఇంటిలో కదలక త్రొక్కు వ్యాయామ యంత్రములపై అదే పేరు వేరొక సంస్థకు పోయెను. అన్నదమ్ములు ఇంటి నడుమ గోడ కట్టుకొనినట్లు ఒక పేరును రెండుగా చీల్చిరి. 2004 లో కెనడాకు చెందిన డోరెల్ సంస్థ పసిఫిక్ సైకిలును కొనెను. 2022 జనవరిలో ఆ డోరెల్ వారి సైకిలు విభాగమంతయు 81 కోట్ల డాలర్లకు నెదర్లాండ్సు దేశపు పాన్ సంస్థ చేతికి వచ్చెను. ఏనుగు బ్రతికినను వెయ్యే, చచ్చినను వెయ్యే అని మనవారు ఊరక అనలేదు.

పసిఫిక్ సైకిల్ వారు ష్విన్ పేరును సైకిలు అంగళ్లనుండి, ఉప్పు మొదలు ఉడుపుల వరకు అన్నియు అమ్ము మహావిపణులకు నడిపించిరి. ఇందు రెండు పక్షములు కలవు. సామాన్యుని బిడ్డకు కూడ చౌకగా ఒక బండి దొరకుచున్నదిగదా, అందేమి తప్పని ఒక పక్షము వాదించును. ఆ వాదమును మేము తేలికగా త్రోసివేయము. మేలైన కొండబండి వెల పెట్టలేనివాడు నడచిపోవలెనని చెప్పుటకు మాకు నోరు రాదు. ఊరి బాటలో మెల్లగా పోవువానికి ఆ బండి చాలును. అయితే రెండవ పక్షపు మాటయు వినవలెను. చౌక వస్తువును చౌక వస్తువుగా అమ్మిన ఎవరికిని కష్టము లేదు. తాతలనాటి గౌరవమును వెలలో కలిపి అమ్మినప్పుడు కొనువాడు దేనికి ధనమిచ్చుచున్నాడో వానికే తెలియదు. లావు టైర్లు, ముందు కుదుపు నాపు స్ప్రింగులు, బురదరంగు పూత పెట్టినంతమాత్రమున ప్రతి బండి కొండ దిగుటకు తగదు. దిగుడులో బ్రేకు పట్టక పోయిన, అతుకు విడిపోయిన, పడునది పేరు కాదు, మనిషి. తండ్రి తన బాల్యములో ఎక్కిన బండి పేరు చూచి కుమారునికి కొని యిచ్చునప్పుడు, ఆయన కొనుచున్నది తన జ్ఞాపకమునా, లేక ఎదుటనున్న వస్తువునా? అంగడిలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పు మనిషి నేడు లేడు. పూర్వము ఉండెను. ష్విన్ ప్రతిష్ఠలో సగము వానిదే.

జి.టి. గతియు ఇంచుమించుగా ఇట్టిదే. పందెపు కార్ల చట్రములు అతుకు గారీ టర్నర్ తన కుమారునికొరకు సైకిలు చట్రము చేసిన నేర్పునుండి ఆ సంస్థ పుట్టెను. రిచర్డ్ లాంగ్ అను అంగడివానితో కలిసి 1979 లో కాలిఫోర్నియాలో దానిని స్థాపించెను. వెనుక గొట్టములు సీటు గొట్టమును దాటి పైగొట్టమును చేరి మూడవ త్రికోణమును ఏర్పరచు దాని చట్రము కొండబండ్లలో దూరమునుండియే గుర్తింపబడెడిది. 1996 లో లాంగ్ మోటారుసైకిలు ప్రమాదమున మరణించెను. తరువాత ఆ పేరు ష్విన్‌తో పాటు చేతులు మారుచు పోయెను. 2024 డిసెంబరులో కొత్త బండ్ల విడుదలను నిలుపుచున్నామని, ఉద్యోగులను తగ్గించుచున్నామని ఆ సంస్థ ప్రకటించెను. పేరు గొప్ప, ఊరు దిబ్బ అను సామెతకు ఇంతకంటె విచారకరమైన ఉదాహరణ వలదు.

ఇది దూరదేశపు కథయని మనము తోసిపుచ్చుటకు వీలులేదు. పేరు ఒకచోట, పని వేరొకచోట నుండుట మన వీధులకు కొత్త కాదు. హెర్క్యులీస్ అను పేరు బర్మింగ్‌హామ్ నగరమున పుట్టినది. 1949 లో స్థాపితమైన టి.ఐ. సైకిల్స్ సంస్థవలన అది మదరాసు చెంతనున్న అంబత్తూరులో చేయబడిన బండ్లపైకి వచ్చెను. మన తపాలా బంట్రోతులును, పాలవాండ్రును, బడిపంతుళ్లును ఆ బండిని నమ్మినది ఇంగ్లండుపై భక్తిచేత కాదు. కూరల గంపయు వెనుక నొక మనిషియు నెక్కినను అది వంగకుండుటచేతను, పల్లెలో కూడ దానిని విప్పి బిగింపగలవాడు దొరకుటచేతను నమ్మిరి. పేరు పరాయిదైనను దానికి మన ఊళ్లలో పరువు తెచ్చినది ఇచ్చటి చేతులు. చికాగోలో జరిగినదానికి ఇది సరిగా విపర్యయము: అచ్చట పేరు మిగిలి చేతులు పోయెను, ఇచ్చట పేరు ఎరవుగా వచ్చినను చేతులు దానిని నిజము చేసెను.

కావున కొనువారికి మా మనవి యిది. తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడని పలుకు ముద్రను చూచి మోసపోవలదు. అట్లని పాతపేరు కనబడినంతనే ఎగతాళియు చేయవలదు. ఆ పేరుగల బండ్లలోనే మంచివియు చెడ్డవియు కలవు. చట్రపు అతుకును వ్రేలితో తడిమి చూడుడు; బ్రేకు పట్టి చూడుడు; చెడిన బాగుచేయువా డెవడని అడుగుడు. ఈ మూడింటికి జవాబు దొరకిన పేరుతో పనిలేదు, దొరకకున్న పేరు ఆదుకొనదు.

సంస్థల యజమానులకు చెప్పవలసినది కొంచెము కఠినము. ప్రతిష్ఠ మీ పెట్టెలోని సొత్తు కాదు. అది మీ పనివారి చేతులలోను, మీ అంగడివాని మాటలోను, మీ బండిని విరిగిపోవునంత వరకు వాడిచూచు సాహసికుల అనుభవములోను ఉండును. ఈ ముగ్గురిని విడిచినవారు పేరును ఎంత వెలకైనను అమ్ముకొనవచ్చును. కొనినవాడు ప్రతిష్ఠను మాత్రము మొదటినుండి, ఒక్కొక్క అతుకుగా, మరల సంపాదింపవలసినదే. హోమ్‌గ్రోన్ బండ్లను చేసిన ఆ కొలది యేండ్లు అది సాధ్యమేనని నిరూపించినవి. ఆ పేరు నేడు ఎవరి చేతనున్నను వారి ముందు ఆ దారి మూతపడలేదు. అయితే ఆ దారి ఎక్కుడు దారి. అందు త్రొక్కక తప్పదు.